నాలుకకు తెలియని దోషము

మంచినీటిని గుర్తించుటకు మన పల్లెలలో తరతరాలుగా కొన్ని పరీక్షలు ఉన్నవి. నీరు కంటికి తేటగా ఉండవలెను. నోటికి తియ్యగా ఉండవలెను. ఆ నీటిలో కందిపప్పు త్వరగా ఉడకవలెను. సబ్బు రుద్దినచో నురుగు బాగుగా రావలెను. ఈ పరీక్షలలో నెగ్గిన బావి ఊరికి మంచినీళ్ల బావి అగును. నెగ్గనిది ఉప్పునీళ్ల బావిగా మిగిలి, పై వాడకమునకు మాత్రమే పనికివచ్చును. సముద్రతీరమందలి పట్టణములలో ఈ పద్ధతి కొంతవరకు సరిపోవును. అచ్చట తీపినీటిని మితిమీరి తోడినచో భూగర్భమున సముద్రజలము లోపలికి చొచ్చుకొనివచ్చును. నీటిలో క్లోరైడు హెచ్చిన సంగతిని నాలుకయే చెప్పివేయును.

కాని ఈ పరీక్షలన్నిటిలోను నెగ్గి, త్రాగినవారి ఎముకలను చెరిపిన నీరు కూడ తెలుగునాట ఉన్నది. అందలి దోషము ఫ్లోరైడు. నీటిలో ఉండు మోతాదులో దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీటిని మరగించినను అది పోదు. పైగా నీరు ఆవిరియై తగ్గినకొలది దాని గాఢత పెరుగును. భారతదేశములో ఈ నీటివలన మనుష్యులకు కలుగు వ్యాధిని మొదట గుర్తించినది ఒక తెలుగు ప్రాంతములోనే. నీటినుండి ఫ్లోరైడును తొలగించు ఒక పద్ధతి నేడు దేశదేశములలో ఒక తెలుగు జిల్లా పేరుతోనే పిలువబడుచున్నది. ఈ రెంటి నడుమ నడచిన చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది.

మచ్చల పళ్లనుండి మొదలైన అన్వేషణ

ఫ్లోరిన్ మూలకములలో మిక్కిలి చురుకైనది. దానిని ఒంటరిగా పట్టుకొనబోయిన రసాయనికులు పలువురు గాయపడిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఎట్టకేలకు 1886లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ మొయిసాన్ దానిని వేరుచేయగలిగెను. ఇందుకుగాను 1906లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కాని ఈ మూలకపు లవణములు త్రాగునీటిలో ఉండి మనుష్యులకు హాని చేయుచున్నవని అప్పటికి ఎవరును ఊహించలేదు.

1901లో ఫ్రెడరిక్ మెక్కే అను యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణములో వైద్యము ప్రారంభించెను. ఆ ఊరిలో పుట్టిపెరిగిన వారిలో అనేకుల పళ్లపై గోధుమరంగు మచ్చలుండెను. పెద్దయైన తరువాత ఆ ఊరికి వచ్చిన వారికి ఆ మచ్చలు లేవు. దీనినిబట్టి, పళ్లు ఏర్పడుచున్న బాల్యములో ఏదియో లోపలికి పోవుచున్నదని తోచును. మెక్కే అనేక సంవత్సరములు ఈ విషయమును పరిశీలించి, కారణము నీటిలోనే ఉన్నదని నమ్మెను. 1923లో ఐడహో రాష్ట్రములోని ఓక్లీ గ్రామమునకు పోయి, అచ్చట పిల్లలు త్రాగుచున్న ఊటనీటిని మానిపించుడని తల్లిదండ్రులకు సలహా చెప్పెను. వారు వేరొక ఊటనుండి నీరు తెచ్చుకొనిరి. కొన్ని సంవత్సరములలో కొత్తగా వచ్చిన పిల్లల పళ్లు మచ్చలేకుండ తెల్లగా ఉండెను.

అయితే నీటిలో దోషము ఏమిటి? అప్పటి మామూలు పరీక్షలలో అది దొరకలేదు. 1931లో ఒక అల్యూమినియం కంపెనీలో పనిచేయు చర్చిల్ అను రసాయనికుడు ఆర్కన్సాస్ రాష్ట్రములోని బాక్సైట్ పట్టణపు నీటిని వర్ణపటదర్శినితో పరీక్షింపజేసెను. ఎవరును వెదకని ఫ్లోరిన్ అందు కనిపించెను. నమ్మశక్యము కాక మరల నీటిని తెప్పించి చూచిరి. ఫలితము మారలేదు. లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉండెను. మామూలు విశ్లేషణ పట్టికలో ఫ్లోరైడుకు గడియే లేనందున అంతకాలము అది తప్పించుకొనెను. వెదకనిది దొరకదు అను మాటకు రసాయనశాస్త్రములో ఇంతకన్న మంచి ఉదాహరణము అరుదు.

నెల్లూరు జిల్లా గ్రామములలో

ఇదే కాలమున దక్షిణ భారతములో వేరొక రూపములో ఈ వ్యాధి కనిపించుచుండెను. 1934లో మహాజన్ అను పరిశోధకుడు పాత హైదరాబాదు రాజ్యములోని కొన్ని ప్రాంతముల పశువులలో ఎముకలకు సంబంధించిన ఇట్టి వ్యాధిని వర్ణించెను. పశువులకు వచ్చినది మనుష్యులకు రాదనుకొనుటకు వీలులేదు. పల్లెలలో తొట్టిలో పోయునదియు, కడవలో నింపునదియు తరచు ఒకే బావి నీరు.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ పత్రికలో ఒక వ్యాసము వెలువడెను. రచయితలు షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్. షార్ట్ మద్రాసులోని గిండీ కింగ్ సంస్థకు సంచాలకుడు. తరువాత 1948లో మలేరియా క్రిమి రక్తములో ప్రవేశించుటకు ముందు కాలేయములో పెరుగునని గార్నమ్‌తో కలసి నిరూపించిన శాస్త్రజ్ఞుడు ఈయనయే. బార్నార్డ్ మద్రాసులో ఎక్స్-రే శాస్త్రమునకు పేరుపొందినవాడు. వారు పరిశీలించినది అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములను. పొదిలి, దర్శి ప్రాంతములు అప్పుడు ఆ జిల్లాలోనివి. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో తరువాత చేరినవి.

ఆ గ్రామములలో పిల్లల పళ్లపై గారను పోలిన మచ్చలుండెను. వయస్సు వచ్చినవారిలో కొందరికి మెడయు, నడుమును బిగిసిపోయి, కూర్చుండి లేచుట కష్టమయ్యెను. అటునిటు చూడవలెనన్న మెడ త్రిప్పలేక దేహమంతయు త్రిప్పవలసివచ్చెను. ఇది ముసలితనము కాదు. ఎక్స్-రే చిత్రములలో వారి ఎముకలు మామూలుకంటె దట్టముగా కనిపించెను. కీళ్లను కట్టిఉంచు నరములవంటి బంధనములు సైతము సున్నము పట్టి ఎముకవలె గట్టిపడెను. వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొనిపోయెను. డెన్మార్కులో క్రయొలైటు అను ఫ్లోరిన్ ఖనిజపు దుమ్ములో పనిచేసిన కార్మికులలో ఇట్టి మార్పులను మొల్లర్, గుడ్యోన్సన్ అను వైద్యులు 1932లోనే చూచిరి. అచ్చట అది కర్మాగారపు వ్యాధి. ఇచ్చట ఊరిబావి వ్యాధి. బావులనీటిలో ఫ్లోరైడు హెచ్చుగా ఉండుటతో కారణము రూఢియయ్యెను. భారతదేశములో మనుష్యులలో ఫ్లోరోసిస్ వ్యాధిని నిశ్చయముగా గుర్తించిన తొలి పరిశోధన ఇదియే.

1940లో సి.జి. పండిట్, ఆయన సహచరులు ఈ పరిశోధనను ఇంకను ముందుకు నడిపిరి. నీటిలోని ఫ్లోరైడు ఒక్కటే వ్యాధి తీవ్రతను నిర్ణయించదనియు, పోషకాహారలోపము, అందును విటమిన్ సి లోపము ఉన్నచోట హాని హెచ్చగుననియు వారు అభిప్రాయపడిరి. అనగా ఒకే బావి నీరు త్రాగినను పేదవాడు ముందుగా కుంగిపోవును.

రాతినుండి నీటికి, నీటినుండి ఎముకకు

ఈ ఫ్లోరైడు ఎచ్చటినుండి వచ్చుచున్నది? హైదరాబాదులో యూసుఫ్‌గూడ, జూబిలీహిల్స్, బంజారాహిల్స్ ప్రాంతములలో ఇండ్ల నడుమ కనిపించు బండలను చూచినవారికి ఆ రాయి పరిచితమే. అది గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఇట్టి రాళ్లే నల్లగొండ నేల క్రిందను వ్యాపించియున్నవి. గ్రానైటులో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము వంటి ఖనిజములు కలవు. ఫ్లోరిన్ వానిలో ఉండును. ప్రపంచములోని గ్రానైటులలో సగటున కిలోకు 810 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ ఉండగా, హైదరాబాదు గ్రానైటులలో సగటు 910. నల్లగొండ రాళ్లలో 325 నుండి 3200 వరకును, సగటున 1440 మిల్లీగ్రాములును ఉన్నట్లు 1993లో ప్రకటితమైన పరిశోధనలో తేలెను.

రాతిలో ఉన్నదంతయు నీటిలోనికి రాదు. ఫ్లోరైటు అనగా కాల్షియం ఫ్లోరైడు. అది నీటిలో స్వల్పముగా మాత్రమే కరగును. నీటిలో కాల్షియం హెచ్చుగా ఉన్నచో ఫ్లోరైడు అంతగా నిలువజాలదు. కాల్షియం తగ్గినచో ఫ్లోరైడు హెచ్చగును. కాల్షియం గాఢతను ఫ్లోరైడు గాఢత వర్గముతో గుణించిన లబ్ధము ఒక హద్దును దాటజాలదు. ఉన్నతపాఠశాల విద్యార్థులు దీనిని కరుగుదల లబ్ధమను పేర చదువుకొందురు. దీనినిబట్టి, హద్దునకు చేరిన నీటిలో కాల్షియం నాలుగవ వంతుకు తగ్గినచో ఫ్లోరైడు రెండింతలు కాగలదు. వర్షము తక్కువైన మెట్టప్రాంతములలో నీరు రాతి పగుళ్లలో చిరకాలము నిలిచి, క్షారగుణము పొందును. అందలి కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలో పేరుకొనిపోవును. మిగిలిన నీటిలో సోడియం, బైకార్బొనేటులు హెచ్చగును. వానితోపాటు ఫ్లోరైడును హెచ్చును.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. కాల్షియం తక్కువైన నీరు మృదుజలము. అందు పప్పు బాగుగా ఉడుకును. సబ్బు బాగుగా నురుగునిచ్చును. మన పెద్దలు కఠినజలమును కనిపెట్టుటకు ఏర్పరచుకొన్న పరీక్షలు సరియైనవే. కాని ఫ్లోరైడు విషయములో ఆ పరీక్షలు ప్రమాదకరమైన బావికే తరచు మంచిపేరు తెచ్చిపెట్టును.

ఫ్లోరైడు అయానును, హైడ్రాక్సిల్ అయానును పరిమాణములో ఇంచుమించు సమానములు. రెంటికిని ఒకే ఋణావేశము. అందుచే ఒకదాని స్థానములో మరియొకటి సులభముగా చేరగలదు. క్షారజలములోని హైడ్రాక్సిల్ అభ్రకములో ప్రవేశించి ఫ్లోరైడును వెలికి నెట్టును. అట్లు వెలువడిన ఫ్లోరైడు దేహములో చేరి, ఎముకలోని హైడ్రాక్సీఅపటైటులో హైడ్రాక్సిల్ స్థానమును ఆక్రమించును. రాతిలో జరిగిన మార్పిడియే ఎముకలో తిరుగబడి జరుగుచున్నది. మోతాదు కొద్దిగా ఉన్నచో దీనివలన పంటికి మేలే. లీటరుకు 1 మిల్లీగ్రాము ప్రాంతమున పళ్లు పుచ్చుట తగ్గునని అమెరికాలో ట్రెండ్లీ డీన్ చూపెను. మోతాదు మించినచో అదియే కీడు.

భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రామును మించరాదు. వేరు నీరు లేనిచోట 1.5 వరకు అనుమతింపవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించు మేరయు 1.5. ఇచ్చట ఎంత నీరు త్రాగుదురన్నది ముఖ్యము. చల్లని గదిలో పనిచేయువాడు 1.5 మిల్లీగ్రాముల నీరు 2 లీటర్లు త్రాగినచో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు దేహమునకు చేరును. ఎండలో పనిచేయు కూలీ 6 మిల్లీగ్రాముల నీరు 5 లీటర్లు త్రాగినచో చేరునది 30 మిల్లీగ్రాములు. నీటిలోని గాఢత నాలుగింతలు. దేహమునకు చేరినది పదింతలు.

కొలత మారిన తీరు

కంటికి, నాలుకకు తెలియని దానిని కొలతయే పట్టియియ్యవలెను. 1930 దశకమునుండి ఎక్కువగా వాడిన పద్ధతి రంగుపై ఆధారపడినది. జిర్కోనియము, అలిజరిన్ అను రంజనము కలిసినచో ఎఱ్ఱని రంగు ఏర్పడును. ఫ్లోరైడు ఉన్నచో అది జిర్కోనియమును తనవైపు లాగుకొనును. ఎఱుపు వెలిసి పసుపుగా మారును. తెలిసిన గాఢతగల ద్రావణములను గాజునాళములలో వరుసగా నిలిపి, పరీక్షింపవలసిన నీటి రంగును వానితో పోల్చిచూచుట పద్ధతి. సల్ఫేటులు, అల్యూమినియం వంటివి అడ్డువచ్చును గనుక, మేలైన ఫలితము కొరకు నీటిని ముందుగా బట్టీపట్టి ఫ్లోరైడును వేరుచేయవలెను. ఇందుకు ప్రయోగశాలయు, ఓపికయు కావలెను. దూరగ్రామములలోని వేలకొలది బావులను ఇట్లు పరీక్షించుట సులభసాధ్యము కాదు.

1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అను శాస్త్రజ్ఞులు లాంథనం ఫ్లోరైడు స్ఫటికముతో ఒక విద్యుద్ధ్రువమును నిర్మించిరి. ఆ స్ఫటికము గుండా ఫ్లోరైడు అయాను మాత్రమే కదలగలదు. నీటిలో ముంచినచో కలుగు విద్యుత్ పీడనమునుబట్టి కొన్ని నిమిషములలో గాఢత తెలియును. అప్పటినుండి బావి బావికి పోయి కొలుచుట సాధ్యమయ్యెను. ఇది చాల అవసరము. రాతి పగుళ్లలోని నీరు ఒకే చెరువువలె కలిసిఉండదు. ఒక బావిలో నీరు నిర్దోషమై ఉండగా, ఆ ప్రక్క పొలములోని బోరుబావి నీరు హానికరము కావచ్చును.

నల్లగొండ

హైదరాబాదు రాజ్యములోని ఫ్లోరోసిస్‌ను గూర్చి 1945లో డావర్ వ్రాసెను. 1955లో సిద్దీఖీ నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసముతో ఆ జిల్లా పేరు వైద్యలోకమునకు తెలిసెను. అదే సంవత్సరము డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. పొలములకు కృష్ణనీరు వచ్చెను గాని, జిల్లాలో అనేక గ్రామముల కడవలకు బావినీరే గతియయ్యెను.

ఈ దశలో మరియొక రూపమున వ్యాధి కనిపించెను. 1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనాలయమునకు 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చెను. ఆ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించిరి. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతములలో కొందరు బాలురకు, యువకులకు మోకాళ్లు ఒకదానికొకటి తగులునట్లు లోపలికి వంగి, మడమలు దూరమగుచుండెను. ఒకవైపు వెన్నెముక దట్టమగుచుండగా, వేరొకవైపు కాళ్ల ఎముకలు పలుచబడుచుండెను. జలాశయపు ఊటవలన భూగర్భజలమట్టము పెరిగి నేల క్షారత హెచ్చెననియు, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం చేరి దేహములోని రాగి నష్టమగుచున్నదనియు పరిశోధకులు ఒక ఊహను ప్రతిపాదించిరి. నీటి రసాయనము ఒక్కటే కాక, నేల, ధాన్యము, ఆహారము కూడ ఈ లెక్కలో చేరునని దీనివలన తెలియుచున్నది.

పటిక, సున్నము

కారణము తెలిసిన తరువాత మిగిలినది నివారణ. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ నీటిపై ప్రయోగములు జరిపి, 1970 దశకములో ఒక సులభ పద్ధతిని రూపొందించిరి. నవ్లఖే, బులుసు మొదలగువారు 1975లో దానిని నల్లగొండ పద్ధతి అను పేరుతో ప్రకటించిరి. ఇందుకు కావలసినవి అంగడిలో దొరకునవే: పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరు.

బురదనీటిని తేర్చుటకు మన ఇండ్లలో చిల్లగింజను అరగదీయుటయు, పటికను త్రిప్పుటయు పూర్వమునుండి ఉన్నవే. కాని తేరిన నీటిలో ఫ్లోరైడు తగ్గినదనుకొనరాదు. దానికి పటిక అనేక రెట్లు హెచ్చుగా, ఫ్లోరైడు పరిమాణమును, నీటి క్షారతను బట్టి లెక్కవేసి వేయవలెను. ముందుగా సున్నము, బ్లీచింగ్ పౌడరు కలిపి, తరువాత పటిక ద్రావణమును పోసి, మొదట వేగముగాను, పిమ్మట సుమారు పది నిమిషములు మెల్లగాను కలియబెట్టవలెను. అల్యూమినియం హైడ్రాక్సైడు దూదిపింజలవలె ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. గంటసేపు కదపక ఉంచి, పైనీటిని వంచుకొనవలెను. 40 లీటర్లు పట్టు బకెట్టుకు అడుగునకు కొంచెము పైన కుళాయి అమర్చుకొన్నచో ఇల్లాలు సైతము దీనిని చేయగలదు. ఊరంతటికి పనికివచ్చు పెద్ద కేంద్రమును మొదట 1980లో కదిరిలో నిర్మించిరి. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాలోను ఈ పద్ధతిని ప్రయోగించిరి.

అయినను ఈ పద్ధతితోనే సమస్య తీరలేదు. ప్రతిదినము మోతాదు సరిచూచు మనిషి కావలెను. పటిక తగ్గినచో ఫ్లోరైడు మిగులును. లెక్క తప్పినచో నీటిలో అల్యూమినియం మిగులును. నీటిలో సల్ఫేటు పెరుగును. ఫ్లోరైడు నిండిన మడ్డిని ఎచ్చటనో పారవేయవలెను. బావిగట్టున పోసినచో అది మరల బావికే చేరగలదు. ప్రయోగశాలలో చక్కగా నెగ్గిన పద్ధతి, పని తెలిసినవాడు లేని ఊరిలో మూలపడుట సహజము.

దూరపు నీరు

శాశ్వత పరిష్కారము ఫ్లోరైడు లేని నదీజలమును ఇంటికి చేర్చుటయే. 2004లో హైదరాబాదు నగరమునకు కృష్ణాజలము గొట్టములద్వారా రాసాగెను. ఆ నీటిని శుద్ధిచేయు కోదండాపురము ఉన్నది నల్లగొండ జిల్లాలోనే. నగరపు దాహము తీర్చు గొట్టములు వెళ్లిన జిల్లాలో, మాకును ఆ నీరే కావలెనని ఫ్లోరైడు గ్రామములవారు సంవత్సరముల తరబడి ఉద్యమించిరి. వారు అడిగినది న్యాయమైనదే. 2016 ఆగస్టు 7న గజ్వేలు ప్రాంతములో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముద్వారా తెలంగాణ గ్రామములకు నదీజలము ఇంటింటికి చేర నారంభించెను. 2015లో రాష్ట్రమున 967గా ఉన్న ఫ్లోరైడు బాధిత ఆవాసములు ఇప్పుడు లేవని 2020లో కేంద్రప్రభుత్వపు లెక్కలు తెలిపెను.

ఈ లెక్కను సరిగా గ్రహింపవలెను. మారినది త్రాగు నీరు. క్రింది రాయి మారలేదు. కుళాయి ఆగిన దినమున బోరుబావి నీరు కడవలోనికి వచ్చినచో పాత ప్రమాదము దానివెంటనే వచ్చును. ఇదివరకే వంగిన వెన్నెముకను మంచినీరు నిటారు చేయజాలదు. క్రొత్తగా పుట్టిన పిల్లల పళ్లను, ఎముకలను మాత్రము అది కాపాడగలదు.

1937లో కారణము తెలిసెను. ఇంటింటికి మంచినీరు చేరుటకు ఇంచుమించు ఎనుబది సంవత్సరములు పట్టెను. ఈ నడుమ ఒక ఊరిలో తాత, తండ్రి, మనుమడు ముగ్గురును అదే బావి నీరు త్రాగిరి. శాస్త్రజ్ఞుడు కనుగొన్న సత్యము పత్రికలో అచ్చయినంతమాత్రమున కడవలోనికి రాదు. కొలుచువాడు, చెప్పువాడు, నీరు తెచ్చువాడు అను ముగ్గురు వరుసగా తమ పని చేయవలెను. వీరిలో మొదటి పని పాఠశాలకు దగ్గరది. ఊరిలోని ప్రతి బావినీటిని, ప్రతి బోరునీటిని పరీక్షింపజేసి, ఫ్లోరైడు ఎంత ఉన్నదో ఆ బావిగట్టుననే వ్రాయించుట ఉపాధ్యాయులు, విద్యార్థులు పూనుకొనదగిన కార్యము. తియ్యని నీరంతయు మంచినీరు కాదని తెలుగుదేశము మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొన్నది. ఆ పాఠమును ఏ ఊరివారును మరల మొదటినుండి నేర్వవలసిన అవసరము రాకూడదు.